పెరటి కుళాయిలో నేను వదిలిన టేపు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వేసవి. విజయనగరంలో ప్లంబింగ్ పనిలో నాకు అప్పటికి పద్దెనిమిదేళ్ల అనుభవం. కుళాయిని చూడగానే జబ్బు చెప్పేస్తానన్న గర్వం కూడా ఉండేది.

సూరీడమ్మ గారు పెరట్లో కనకాంబరాలు పెంచి, మాలలు కట్టి అమ్ముతారు. ఆ ఇంటి వెనక గదిలో చేపలమ్మే రాములమ్మ అద్దెకుండేది. ఒక ఉదయం సూరీడమ్మ గారు నన్ను పిలిచి పెరటి కుళాయి తిప్పి చూపించారు. నీరు దారంలా జారుతోంది.

“మొక్కలు ఎండిపోతన్నాయిరా అప్పన్నా. ఏటయ్యిందో సూడు.”

ఎచ్చెర్లలో ఇంకో పని ఒప్పుకుని ఉన్నాను. బస్సు టైమవుతోంది. మేడ మీది ట్యాంకు నుంచి ఈ కుళాయికీ వెనక గదికీ ఒకటే పైపు. రాములమ్మ అప్పుడే చేపల బుట్టలు కడుగుతోంది. “ఆయమ్మ అక్కడ తిప్పితే ఇక్కడ ప్రెషర్ పడిపోతాదమ్మా” అనేశాను. రాములమ్మ కుళాయి ఒక్క నిమిషం కట్టించి చూద్దామని కూడా అనుకోలేదు.

పది రోజులకి మళ్లీ ఫోన్ వచ్చింది. నా మాట విని సూరీడమ్మ గారు వెనక గది గేట్ వాల్వు, అంటే ఆ వైపుకి నీళ్లు వదిలే చక్రం, ఆ రోజే కట్టేశారట. అయినా పెరటి ధార పెరగలేదు. నేను వెళ్లేసరికి రాములమ్మ వీధి కుళాయి నుంచి బిందె మోసుకొస్తూ, నడుం పట్టుకుని గుమ్మం దగ్గర ఆగింది.

ట్యాంకు దగ్గర నీరు ఆపి కుళాయి విప్పాను. లోపల తెల్లటి ముద్ద. టెఫ్లాన్ టేపు. నీరు కారకుండా కుళాయి మరల మీద చుట్టేది. మరీ ఎక్కువ చుట్టి, అంచు కోయకుండా వదిలేస్తే కొసలు ఊడి లోపలికి పోతాయి. దసరా ముందు ఆ కుళాయి బిగించింది నేనే.

ముద్దను గుప్పిట్లో దాచి జేబులో వేసుకున్నాను. కుళాయి బిగించి తిప్పగానే నీరు దూకింది.

“ఏటడ్డమొచ్చిందిరా?” అని సూరీడమ్మ గారు అడిగారు.

“ఏదో సెత్తమ్మా.”

“సేప పొలుసులే అయుంటాయి. నాననుకుంతనే ఉన్నాను.”

రాములమ్మ బిందె దించింది. “బుట్టలు కడిగిన నీరు కాలవలోకి పోతాది గానీ పైపులోకెలాగెల్తాది తమ్ముడా? నువ్వే సెప్పు.”

వెళ్లదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తల దించుకుని సామాన్లు సర్దుకుని వచ్చేశాను.

ఇంటికెళ్లి ఆ ముద్దను పారేయబోయాను, చెయ్యి రాలేదు. మూడో రోజు పొద్దున్నే వెళ్లి ఇద్దరినీ పిలిచి చూపించాను. “ఇది నాను సుట్టిన టేపేనమ్మా. తప్పు నాది. రాములమ్మక్క ఏటీ సెయ్యనేదు.”

సూరీడమ్మ గారు వెళ్లి వెనక గది వాల్వు తిప్పారు. “ఒసే రాములమ్మా, ఇంక ఈదిలోకెల్లకే” అన్నారు, ఆవిడ ముఖం చూడలేక.

రాములమ్మ మాత్రం నా వైపే చూస్తోంది. “తప్పులు ఎవలైనా సేస్తారు తమ్ముడా. ఆ రోజు అడిగితే నా మొకమైనా సూడనేదు నువ్వు.”



ఇప్పుడు ధార తగ్గిందని ఎవరు పిలిచినా ముందు కుళాయి విప్పుతాను. చూడకుండా ఒకరి పేరెత్తను. నా పనిలో తప్పు కనబడితే అక్కడికక్కడే చెప్పేస్తాను. అయినా ఆ వీధిలో పని పడితే, రాములమ్మ ఎదురుపడుతుందేమోనని ఇప్పటికీ సందు చుట్టి వెళ్తుంటాను.