కాకెంగిలి

ఆవకాయ ముక్కని చప్పరించడంలో మా అమ్మని మించినవాళ్లు లేరు. కారం, ఉప్పు, ఆవపిండి అంతా తన నాలుక మీదికి తీసేసుకుని, మెత్తటి మామిడి ముక్కని మాత్రం మా పాప నోట్లో పెట్టేది. నన్నూ అలాగే పెంచింది. పాపకి ఏడేళ్లు. స్కూల్లో చాప్‌స్టిక్స్‌తో నూడుల్స్ తినే పిల్ల, హౌగాంగ్‌లో మా ఫ్లాట్‌కి వచ్చేసరికి అమ్మమ్మ ముందు బాసింపట్టు వేసుకుని నోరు తెరిచేది.

నాకు కడుపులో మంట మొదలై చాలాకాలమైంది. రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగం, వేళాపాళా లేని తిండి, ఆఫీసు కాఫీ. దానివల్లేలే అనుకుని మాత్రలు మింగేదాన్ని. మా నాన్న కడుపు క్యాన్సర్‌తోనే పోయాడని మాటల్లో చెప్పేసరికి డాక్టరమ్మ మొహం మారింది. గొంతులోంచి కడుపులోకి గొట్టం వేసి చూసింది. క్యాన్సర్ కాదు, దేవుడి దయ. కానీ కడుపు లోపలి పొర అక్కడక్కడా మారిపోయిందట. ఒక క్రిమి ఎన్నో ఏళ్లుగా అందులో కాపురం ఉందట.

"మందులతో క్రిమి పోతుంది. అది వేసి వెళ్లిన గుర్తులు అన్నీ పోవు," అందామె. నాకు బుర్రకెక్కలేదు. ఓపిగ్గా మళ్లీ చెప్పింది. జన్యువుల్లో అక్షరాలు మారవు. కానీ క్రిమి వల్ల ఏళ్ల తరబడి వాపు ఉంటే, వాటి మీద చిన్న చిన్న రసాయన గుర్తులు పడతాయి. గుర్తు పడిన జన్యువు పనిచెయ్యడం మానేస్తుంది. కణాలు ఇష్టమొచ్చినట్టు పెరగకుండా కాపలా కాసే జన్యువుల మీదే అవి పడ్డాయంటే, క్యాన్సర్‌కి దారి దొరికినట్టే. "స్విచ్ మీద ఎవరో టేపు అంటించారనుకోండి. బల్బు పాడవలేదు, కానీ వెలగదు," అంది. అందుకే ఇకమీదట నేను అప్పుడప్పుడూ గొట్టం మింగుతూ ఉండాలి. క్రిమి ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగాను. సాధారణంగా చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచి వస్తుందట. ఎవరి నుంచో మాత్రం చెప్పలేమట.

ఆ చివరి మాట నేను ఇంటిదాకా తీసుకురాలేదు. తలుపు తీసేసరికి అమ్మ ముక్క చప్పరిస్తోంది, పాప నోరు తెరుచుకుని కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆపమ్మా ఆ ఎంగిలి! నాకీ రోగం వచ్చింది అలాగే. చిన్నప్పుడు తల్లి నోట్లోంచే వస్తుందట!" అని అరిచి, విన్న టేపు సంగతంతా గడగడా అప్పజెప్పాను.

అమ్మ చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది.

"అయితే ఆ టేపు నీకు అంటించింది నేనేనంటావా?"

కాదమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది. కాళ్లు కడుక్కునే వంకన బాత్‌రూములోకి వెళ్లిపోయాను.

మర్నాటినుంచి అమ్మ తన కంచం, గ్లాసు వేరే పెట్టుకుంది. వంటలో రుచి చూడటం మానేసింది. చారులో ఉప్పు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు అసలు ఉండదు. పాప ముద్దు పెట్టబోతే మొహం తిప్పుకునేది. "అమ్మమ్మ డోంట్ లైక్ మీ ఆల్రెడీ, ఈజ్ ఇట్?" అని అడిగింది పిల్ల. "అదేం లేదు, తిను," అని కసిరాను.

"పెద్దావిణ్ణి అలా అంటే ఎలా? వెళ్లి ఒక్క మాట చెప్పు," అని మా ఆయన పోరుపెట్టాడు. చెప్తాలే అన్నాను. సిగ్గు విడిచి చెప్తున్నా, నాకు చెప్పాలనిపించలేదు. నా కడుపులో ఉన్నదానికి ఎవరో ఒకరు కారణమంటే నాకు హాయిగా ఉంది. ఎదురుగా కూర్చుని ఉప్పులేని చారు తాగుతున్న మనిషి మీద ఆ భారమంతా పెట్టి తిరిగాను. ఛీ, ఏం పుట్టుక నాది!

ఈలోగా పాప కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది. పరీక్ష చేద్దామన్నాడు పిల్లల డాక్టరు. సంచిలోకి గాలి ఊదితే తెలిసిపోతుందట. "నాక్కూడా చేయించవే. నావల్లో కాదో తేలిపోతుంది," అంది అమ్మ. ఇద్దరికీ చేయించాను. ఫలితాలకి నేనొక్కదాన్నే వెళ్లాను.

అమ్మకి లేదు. పాపకి ఉంది.

"ఇప్పుడు లేదంటే ఎప్పుడూ లేదని కాదు. ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో చెప్పలేం," అన్నాడు డాక్టరు. పాప కడుపు పొర లేతది, గుర్తులు పేరుకునేంత కాలం ఇంకా కాలేదు, మందు వాడదామని ధైర్యం చెప్పాడు. నేను తలాడిస్తున్నానే గానీ, నా కళ్లముందు పల్లీపట్టీలు తిరుగుతున్నాయి.

శనివారాలు లిటిల్ ఇండియాలో కొనేదాన్ని. ట్రైన్‌లో తింటే ఇక్కడ జరిమానా, అందుకని మా బ్లాకు కింద బెంచీ మీద కూర్చునేవాళ్లం. పట్టీ పాప పళ్లకి లొంగేది కాదు. చున్నీ చివర చుట్టి పటుక్కున కొరికి సగం ఇచ్చేదాన్ని. గుడ్డ అడ్డుపెట్టి కొరికితే అది కాకెంగిలి, ఎంగిలి కిందికి రాదు. చిన్నప్పుడు మా పిల్లలందరి చట్టం అది. పాపకి ఎంత గర్వంగా నేర్పానో! "కాకెంగిలి, మమ్మీ, కాకెంగిలి!" అని ఎగిరేది. అమ్మ మీద అరిచిన ఆ వారం కూడా కొరికిచ్చాను. అదీ ఎంగిలేనని నాకు తట్టనే లేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ వంటింట్లో ఉంది. "నీకు లేదమ్మా," అన్నాను. ఆమె మొహం తేటపడలేదు.

"పాపకో?"

"ఉంది. దానికి టేపు అంటించింది నేనేనే అమ్మా," అని పట్టీల సంగతి చెప్పి భోరుమన్నాను.

"నోర్ముయ్," అంది అమ్మ. క్షణం కూడా ఆలోచించలేదు. "కాకెంగిలి ఎంగిలి కాదు. అయినా నీకది నేర్పింది నేనేగా."

అన్ని రోజులూ నేను అనలేకపోయిన మాటని ఆమె ఇట్టే అనేసింది. పైగా నా తప్పు కూడా తన మీదే వేసుకుంది. "నువ్వు కాదమ్మా," అన్నాను, అప్పటికి.

"సర్లే. పిల్ల ఆకలితో ఉంది," అని కంచం తీసింది.

అన్నం కలిపింది. ఆవకాయ ముక్కని అలవాటుగా నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయింది. లేచి, కుళాయి కింద కడిగి తెచ్చి పాప నోట్లో పెట్టింది.

పాప నమిలి మొహం చిట్లించింది. "నో టేస్ట్ లా, అమ్మమ్మా."

అమ్మ నావైపు చూడకుండా ఇంకో ముక్క తీసుకుని మళ్లీ కుళాయి దగ్గరికి వెళ్లింది.