ఇరవై నాలుగు గంటల తిండి

మచిలీపట్నంలో డిగ్రీకి న్యూట్రిషన్ నేను కోరి తీసుకున్నది కాదు. నర్సింగ్ సీటు రాలేదు, ఇది వచ్చింది. రెండో నెలలోనే మానేద్దామనుకున్నాను. కానీ అప్పటికే కోడూరు పక్కన మా ఊళ్లో నేను డాక్టరమ్మనైపోయాను. ఎండు చేపల తట్ట దించిన ప్రతి గడప దగ్గరా మా అమ్మ చెప్పేసింది. సెలవులకు వెళ్తే బీపీ చూడమని చేతులు చాపేవారు. బియ్యం, పప్పుల గురించి చదువుతున్నానంటే నవ్వి, వినయం అనుకునేవారు. ఇంక మానేదెక్కడ? ఆ చదువులో ఇరుక్కుపోయాను.

రెండో ఏడు ప్రాజెక్టు ఇచ్చారు. తెలిసిన ఒక ఆవిడను ఎంచుకుని, ఇరవై నాలుగు గంటల్లో ఏమేం తిన్నదీ అడిగి, కాలేజీ వాళ్లిచ్చిన కప్పులతో కొలిచి ఫారంలో రాయాలి. ఊరంతా తిరిగే ఓపిక లేక అమ్మనే కూర్చోబెట్టాను.

"నిన్న పొద్దున ఏం తిన్నావ్?"

"తిన్నానులే."

"లే అని రాయడానికి ఇక్కడ గడి లేదమ్మా. ఏం తిన్నావో చెప్పు."

"అన్నమే."

"ఎన్ని కప్పులు?"

అమ్మకు నవ్వొచ్చింది. "కప్పులేంటే? మీ నాన్న చేపల వేటకెళ్లాక గిన్నెలో ఎంతుంటే అంత తిన్నాను."

అప్పుడు తట్టింది. అమ్మ పళ్లెం పెట్టుకుని తినడం నేనెప్పుడూ చూడలేదు. అందరం లేచాక, అన్నం గిన్నెలోనే దాకకు అంటుకున్న పులుసు కలుపుకుని, వంటింట్లో నిలబడే తినేసేది. నాలుగు ఊళ్లకు చేపలమ్మే మనిషికి ముక్క మిగిలేది కాదు. పంతొమ్మిదేళ్లు ఆ చేతి అన్నం తిని, ఈ సంగతి కాలేజీ ఫారం అడిగితేగానీ నాకు తెలియలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గును మింగలేక అమ్మ మీదే విరుచుకుపడ్డాను. పళ్లెం పెట్టుకుని తింటే ఏం పోయిందని అరిచాను.

అమ్మ వేరేగా భయపడింది. "నీకు మార్కులు తగ్గుతాయా? పాలు, గుడ్డు, అరటిపండు రాసేసుకో. ఎవరొచ్చి చూస్తారు?"

తిరుగు బస్సు అవనిగడ్డ దాటినా ఫారం ఖాళీగానే ఉంది. అమ్మ చెప్పిన గుడ్డు రాస్తే, ఆమె తినని గుడ్డుకు నాకు మార్కులు పడతాయి. నిజం రాస్తే క్లాసులో అందరి ముందూ మా వంటిల్లు తెరిచి చూపించినట్టే. చల్లపల్లి వచ్చేసరికి నిజమే రాశాను. సంబంధం అన్న గడిలో మాత్రం 'పక్కింటావిడ' అని రాశాను. తెలివైన పని చేశాననే అనుకున్నాను.

మర్నాడు మేడమ్ గారు నన్ను లేపి, నా ఫారం పైకి చదివారు. "ఐరన్ చాలా తక్కువ. ప్రొటీన్ సగం కూడా లేదు. ఈవిడకి నీరసంగా ఉంటుందా?"

"తట్ట ఎత్తేటప్పుడు కళ్లు తిరుగుతాయంటారండి."

మేడమ్ గారు పెన్ను కింద పెట్టారు.

"అయ్యో. కాస్త కూర్చోబెట్టి చెప్పడానికి ఆవిడకి చదువుకున్న పిల్లలెవరూ లేరామ్మా?"

క్లాసంతా నా వైపు తిరిగింది.

"లేరండి" అన్నాను.