కుర్చీ మీది దిండు

అమ్రాబాద్ అడవి అంచు బడిలో కథ చెబుతూ గ్రేస్ టీచర్ ఠక్కున ఆగుతుంది. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "కోళ్లగూడు తలుపు ఊగుతాందని ముందుగాలనే ఎందుకు చెప్పిన? ఇగ ఏమైతది?" అంటుంది. నక్క వస్తుందని పిల్లలు పసిగట్టేదాకా వదలదు. కథలో ఏదీ ఊరికే రాదంటుంది.

ఆ బడికి ఇద్దరే టీచర్లు. ఒకరు వెళ్తే రెండోవారికి కదిలే వీలుండదు. అందుకే ఇద్దరం కలిసే బదిలీ అడుగుదామని, రోజూ గ్రేస్ తెచ్చిన కూర పంచుకునే శ్రీదేవి టీచర్ మాటిచ్చింది. సోమవారం ఆమె రాలేదు. ఒక్కతే షాద్‌నగర్‌కు బదిలీ చేయించుకుంది. ఆ కబురు విని గ్రేస్ ఖాళీ కుర్చీ ముందు నిలబడిపోయింది.

"మాకు ముందే ఎరుక టీచర్," అంది మూడో తరగతి స్నిగ్ధ. "పోయిన వారమే గా కుర్చీ మీది దిండు ఇంటికి తీస్కపోయింది. మీ కూరగిన్నె గూడ తోమి మీ చేతులనే పెట్టింది గద, మీరు జూడలేదా?"