పిడికిలి ఎత్తు

కొడవలి వేసేముందు నాగులమ్మ గడ్డి దుబ్బు మొదట్లో పిడికిలి ఆనిస్తుంది. పిడికిలికి పైనే కోస్తుంది. ఉదయగిరి కొండ వాలులో ముప్పై ఏళ్లుగా అట్లాగే కోసింది. ఇంట్లోని రెండు బర్రెలకు ఆ గడ్డే ఆధారం.

"కొలతలు ఏ టైలర్ దగ్గర నేర్చినావత్తా?" అని కోడలు సుకుమారి నవ్వేది.

"దుబ్బు ప్రాణం మొదట్లో ఉంటాదే. అది కోస్తే మళ్లీ రాదు."

నిరుడు మోకాళ్లు వాచి నాగులమ్మ మంచం పట్టింది. మోపు పెద్దది కావాలని సుకుమారి నేలకు ఆనించి కోసింది. కొత్తగా లేచిన పిలకలనూ వదల్లేదు. మోపులు చూసి నాగులమ్మ మెచ్చుకుంది. ఎట్లా కోశావని అడగలేదు.

ఈసారి వాన పడి పన్నెండు రోజులైంది. పక్క వాలు పచ్చబడింది. వీళ్లు కోసే వాలు బూడిద రంగులోనే ఉంది. నాగులమ్మ వంగి ఒక దుబ్బును లాగింది. ఎండిన వేళ్లతో సహా చేతికొచ్చింది. ఇంకొకటి లాగింది. అదీ వచ్చింది. మూడోదాన్ని లాగడానికి భయమేసింది.

"ఇంకో వాన పడితే వస్తాదేమో అత్తా," అంది సుకుమారి.

బర్రెల్లో ఒకటి చూడిది. నాగులమ్మ సాయంత్రం దాకా వాలంతా వెతికితే, కొడవలి దూరని బండల సందుల్లో పదకొండు దుబ్బులు పచ్చగా కనిపించాయి.

మరునాడు పొద్దున్నే ఆమె తుమ్మకంప కొట్టి తెచ్చి వాటి చుట్టూ వేసింది. ఆకలికి అరుస్తూ చూడిబర్రె అటు వస్తే, రాయి విసిరి తరిమింది.