చివరి పాట తీసేయమన్న బాబాయి

మైకుసెట్టు బాబాయి పోయాడని మా అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను హైదరాబాదులో ప్రాక్టీసు గదిలో కూర్చుని గిటారు తీగలు మారుస్తున్నాను. "పొద్దున టీ తాగుతా తాగుతా పక్కకి ఒరిగిపోయాడంట. ఆస్పత్రి దాకా కూడా పోలేదు," అంది. బస్సెక్కి మా ఊరు నరసరావుపేట చేరేసరికి మధ్యాహ్నం నమాజు అయిపోయింది, మట్టి కూడా ఇచ్చేశారు. నాకు ఆఖరి చూపు దక్కలేదు. ఆ బాధతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మీలో చాలామందికి ఆయన తెలియదు. కానీ మా బ్యాండు రికార్డు ఎప్పుడైనా మీ చేతికొస్తే, అందులో ప్రతి పాటా ఆయన చెవి దాటి వచ్చిందేనని తెలియాలి.

ఆయన మాకు చుట్టం కాదు. మా ఇంటికి మూడిళ్ళ అవతల ఆయన షాపు. మా నాన్నకంటే రెండేళ్ళు చిన్నవాడు కాబట్టి బాబాయి, ఆయన భార్య పిన్ని. పెళ్ళిళ్ళకీ, కోటప్పకొండ తిరునాళ్ళ ప్రభలకీ మైకులు, హారన్ స్పీకర్లు కట్టడం ఆయన పని. కుడి చెవి సరిగ్గా వినిపించేది కాదు. ఎవరైనా మాట్లాడితే తల తిప్పి ఎడమ చెవి ఇచ్చేవాడు. "కుడిది హారన్లు తినేసినయ్. ఇది మీకోసం దాచిపెట్టా," అనేవాడు.

నేను పుట్టేసరికే రికార్డులు మూలపడి కేసెట్లు రాజ్యమేలుతున్నాయి. బాబాయి మాత్రం షాపులో బల్ల మీద ఒక రికార్డు ప్లేయరు అలాగే ఉంచాడు. దాని పక్కన ఒకే ఒక ఇంగ్లీషు రికార్డు ఉండేది. డెబ్బైల నాటి రాక్ పాటలది. నడికుడి రైల్వే క్వార్టర్సులో ఉండే డ్రైవరొకాయన బదిలీ మీద వెళ్తూ ఇచ్చి పోయాడట. బాబాయికి అందులో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. రిపేరుకొచ్చిన ప్రతి స్పీకరుకీ దానితోనే పరీక్ష పెట్టేవాడు. "ఈ గోలకి తట్టుకుంటే ఏ పెళ్ళికైనా తట్టుకుంటది," అనేవాడు.

పాట మొదలై, డ్రమ్ములు దద్దరిల్లి, గిటారు పైకి లేచే చోటుకి రాగానే సూది ఎత్తేసేవాడు. స్పీకరు బాగైందని తేలిపోయాక ఇంకా పాటతో ఆయనకేం పని? వారానికి రెండు మూడుసార్లు మా వీధి వీధంతా ఆ సగం పాట వినేది. బళ్ళో మిగతా పిల్లలు సినిమా పాటలు పాడుకుంటుంటే నేను ఆ సగం పాటని నోటితో వాయించుకుంటూ తిరిగేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"బాబాయ్, ఆ తర్వాత ఏమవుద్ది?"

"ఏమో. స్పీకరు బాగుపడ్డాక నేనెప్పుడన్నా విన్నానా?"

ఆ రోజు ఇద్దరం మొదటిసారి చివరిదాకా విన్నాం. అయిపోయాక, "ఏందే ఇంతసేపు కొట్టారు, చేతులు నొప్పెట్టలా?" అన్నాడు. నేను మాత్రం ఆ పూటే చెడిపోయాను. గిటారు కొనిపెట్టమని ఇంట్లో అలిగింది, చదువు పేరుతో హైదరాబాదు చేరింది, నలుగురం కలిసి బ్యాండు పెట్టింది, అన్నిటికీ మూలం ఆ బల్లే. మా అమ్మ చాలాకాలం ఆయన్ని తిట్టుకుంది. "మీ రికార్డు నా కూతుర్ని పాడుచేసింది," అంటే, "పాడయిందని ఎట్టా తెలిసిందమ్మా, చివరిదాకా విన్నావా?" అని నవ్వేవాడు.

రెండేళ్ళ క్రితం మేం ఆ కాలపు రాక్ పద్ధతిలో తెలుగు పాటలు చేసి, బాబాయి బల్ల మీదున్నలాంటి వినైల్ రికార్డుగానే తేవాలనుకున్నాం. అందులో ఒక పాట బాబాయి గురించి రాశాను. అది ఆయన గొంతుతో మొదలవ్వాలి. రికార్డరు పట్టుకుని షాపుకి వెళ్ళాను. "ఏం చెప్పాలే?" అన్నాడు. పెళ్ళిళ్ళలో మైకు పట్టుకోగానే ఏమంటావో అదే అనమన్నాను. ఆయన చొక్కా పైబొత్తాం పెట్టుకుని, గొంతు సవరించుకుని, నిలబడి మరీ చెప్పాడు. ఆ పాటని రెండో వైపు చివర పెట్టాం.

రికార్డులు మొత్తం అచ్చు వేసేముందు ఒక శాంపిల్ పంపుతారు. విని మనం సరేనంటే మిగతావి వేస్తారు. ఇక దిద్దుకోవడానికి ఉండదు. ఆ శాంపిల్ తీసుకుని నేనూ మా డ్రమ్మరూ బాబాయి దగ్గరికి వచ్చాం. ఆయన పద్ధతి ఆయనదే. అంచుల్ని అరచేతులతో పట్టుకుని, ఉఫ్ అని ఊది, సూది పెట్టి, మమ్మల్ని లోపల వదిలేసి వీధి చివరికి నడిచి వెళ్ళిపోయాడు. "దగ్గర కూర్చున్నోడికి చప్పుడు వినపడుద్ది. పాట వినాలంటే దూరం పోవాల," అనేది ఆయన సిద్ధాంతం. రెండు వైపులూ అలాగే, ఎండలో నిలబడి విన్నాడు. వచ్చి, తుండుతో మెడ తుడుచుకుని, "చివరి పాట తీసేయండి," అన్నాడు.

"అందులో నువ్వున్నావు బాబాయ్."

"ఉంటే? రికార్డు లోపలికి పోయేకొద్దీ సూది నడిచే గీతకి చోటు తగ్గుద్ది. ఇన్ని పాటలు కుక్కితే సూదికి ఊపిరాడదు. ఆ ఒక్కదాని కోసం మిగతా నాలుగిటి గొంతు నొక్కారు. నా గొంతు చూడు, రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసినట్టుంది."

"జనం అంత పట్టించుకోరులే."

"చెవికి మొహమాటం ఉండకూడదమ్మాయ్."

నాకు కోపం ముంచుకొచ్చింది. నీకోసం రాసిన పాట, నీకెప్పుడూ మా పాటలంటే స్పీకర్లు పరీక్షించుకునే గోలే కదా అనేశాను. ఆయన రికార్డుని మెల్లగా కవరులో పెట్టి నా చేతికిచ్చాడు. నెలన్నర ఆయనతో మాట్లాడలేదు. చివరికి మా డ్రమ్మరు పోరు పడలేక ఆ పాట తీసేసి మళ్ళీ శాంపిల్ తెప్పించాం. తేడా నాకు మొదటి నిమిషంలోనే తెలిసింది. బాబాయి మళ్ళీ వీధి చివరికెళ్ళి విని వచ్చి, "ఇప్పుడు పాట లేచి నిలబడింది. అచ్చెయ్యమను," అన్నాడు. తప్పయిందని నేను చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. రికార్డులొచ్చాక చెబుదాంలే అనుకున్నాను.

రికార్డులు ఆయన పోయిన పదిహేను రోజులకి వచ్చాయి. మొదటిది తీసుకెళ్ళి పిన్ని చేతిలో పెట్టాను. జీవితంలో ఎన్నడూ పాటలు పట్టించుకోని మనిషి, కొంగుతో చేతులు తుడుచుకుని అందుకుంది. అట్ట అటూ ఇటూ తిప్పి చూసి, "ఆయన గొంతు ఏ పక్కనుంది? అది పెట్టమ్మా," అంది.

ఆ పాట ఇందులో లేదనీ, బాబాయే తీసేయించాడనీ చెప్పాను. పిన్ని అట్టని ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు చెప్పలేదే," అంది. "బజార్లో కనపడ్డ ప్రతోడికీ చెప్పుకున్నాడమ్మా, నా గొంతు రికార్డెక్కుద్దని. పోయే ముందురోజు కూడా పాలోడు అడిగితే, వస్తదిలే అన్నాడు. నేనూ వస్తదనే చూస్తన్నా."

ఆయనకి ఆ పాట మీద అంత ఆశ ఉందని నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆయన మాట విని ఉండేదాన్ని కాదు. అది ఆయనకి తెలుసు, అందుకే చెప్పలేదు. నా ఏడుపు చూసి పిన్నే నా వీపు నిమిరింది.

తీసేసిన పాట నా ఫోనులో ఉంది. పెట్టి ఇచ్చాను. ఫోనుని ఎవరో కాల్ చేసినట్టు చెవికి ఆనించుకుంది.

"హలో... హలో... అందరికీ వినపడతందా?" అన్నాడు బాబాయి.

పిన్ని కొంగు తలమీదకి లాక్కుంది. "ఆఁ, వినపడతంది. చెప్పండి," అంది.

గిటార్లు మొదలయ్యాయి. ఆమె ఫోను చెవి దగ్గర నుంచి తీయలేదు.