నడుముకి లేని తుపాకీ

చూడండి, నేను అబద్ధమే చెప్పాలనుకుంటే ఇంతకంటే మంచిది చెప్తా. నా పరువు పోయే కథ నేనే ఎందుకు అల్లుతాను? ఇది జరిగింది. నాకే జరిగింది. లండన్‌లో... ఇంగ్లండ్ లండన్ కాదు తల్లీ, మన ఒంటారియో లండన్. ఆ సాయంత్రం నేను ఒక ఆడపిల్ల మీదకి తుపాకీ ఎత్తాను. లేదా ఎత్తలేదు. రెండింట్లో ఏది నిజమో తెలిస్తే నాకు నిద్ర పడుతుంది. తెలీట్లేదు. టీ ఇంకా ఉంటే కొంచెం పొయ్యండి, మొదలుపెట్టకముందే గొంతు ఎండిపోతోంది.

ముందు టెక్సస్ సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఇది అర్థం కాదు. కెనడా రాకముందు మేం తొమ్మిదేళ్ళు డాలస్ పక్కన ఉన్నాం. మా ఆయనకి సాఫ్ట్‌వేర్. నాకు పని చేసుకునే కాగితం వచ్చాక ఒక గ్యాస్ స్టేషన్ స్టోర్‌లో చేరా. ఒకరోజు పొద్దున్నే తలుపు తెరిచి, పాల డబ్బాలు తెద్దామని వెనక కూలర్ రూంలోకి వెళ్ళా. రోజూ వెళ్ళేదే కదా అని లైటు వెయ్యలేదు. అట్టపెట్టెల వెనక నుంచి ఊపిరి వినపడింది. ఎవరో నోటితో పీలుస్తున్నారు... ఆపుకుంటూ, ఆపుకుంటూ. అంతే, కత్తి నా మెడ మీదకి వచ్చింది. గల్లాలో ఉన్నది పట్టుకుపోయాడు, నన్నేం చెయ్యలేదు. కానీ ఆ ఊపిరి మాత్రం నా చెవుల్లోంచి పోలేదు.

మా ఆయన పట్టుబట్టి గన్ కొనిపించాడు. వీసా మీద ఉన్నవాళ్ళు గన్ కొనాలంటే అక్కడ వేట లైసెన్సు ఉండాలట. కోడిగుడ్డు కూడా ముట్టని నాకు వేట లైసెన్సు! అదీ తీసుకున్నా. క్లాసుకి వెళ్ళా. కాల్చడం నేర్చుకున్నా.

అన్నీ అయ్యాక తెలిసింది... కష్టం కొనడంలో లేదు, మోయడంలో ఉంది. మగాళ్ళకి జీన్సు, బెల్టు ఉంటాయి, తగిలించుకుంటారు. నాకు కుర్తీ, లెగ్గింగ్స్. దేనికి తగిలించుకోను? కడుపు చుట్టూ కట్టుకునే వెడల్పాటి బట్ట బెల్టు ఒకటి దొరికింది. వెల్క్రోతో అంటించుకోవాలి. బీపీ చూసే పట్టీకి ఉంటుందే, లాగితే చర్రుమంటుంది, అదే. దాని కుడి పక్క జేబులో గన్. మొదటి వారం నరకం చూశా. కూర్చుంటే పక్కటెముకలో పొడిచేది. కింది అరలో సామాను సర్దడానికి వంగితే జారేది. ఆ ఎండలకి చెమట, దద్దుర్లు. పాత కాటన్ లంగా చింపి లోపల వేసుకునేదాన్ని, పౌడర్ కొట్టుకునేదాన్ని. కుర్తీలన్నీ ఒక సైజు పెద్దవి కొన్నా. బాత్రూంకి వెళ్తే... నవ్వకండి... దాన్ని ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. పేరంటాలకి వెళ్తే ఆంటీలు కావలించుకుని, నడుం తగిలేసరికి, ఆపరేషన్ ఏమైనా అయిందా అమ్మా అని గుసగుసలాడేవారు. హెర్నియా అని చెప్పేదాన్ని. ఒకావిడ ఆర్నెల్లపాటు కనపడినప్పుడల్లా పథ్యం చెప్పింది.

మూడు నెలలు పోయాక ఒళ్ళు మరిచిపోయింది. నిజంగా. కారు ఎక్కేటప్పుడు కుడి పక్క కొంచెం ఎత్తి కూర్చోవడం, చెయ్యి పైకెత్తి ఏదైనా అందుకునే ముందు కుర్తీ కిందకి లాక్కోవడం... ఇవన్నీ నాకు తెలీకుండానే జరిగిపోయేవి. అది కట్టుకోని రోజు మెడలో తాళి తీసేసినట్టు ఉండేది. నాలుగేళ్ళు అలా మోశా. ఎవరి ముందూ ఒక్కసారి కూడా బయటికి తియ్యలేదు.

గ్రీన్ కార్డు ఈ జన్మకి రాదని తేలాక కెనడా పీఆర్ వచ్చింది, ఇక్కడికి వచ్చేశాం. ఈ దేశంలో అలాంటిది నడుముకి కట్టుకుని తిరిగితే జైలే. బయల్దేరే ముందు కొన్న షాపులోనే దాన్ని తిరిగి అమ్మేశాం. బెల్టుని నా చేత్తో చెత్తడబ్బాలో పడేశా. ఇది గుర్తుపెట్టుకోండి. నా చేత్తోనే పడేశా.

ఇక లండన్. మేం వచ్చిన ఏడాదే మన పిల్లలు విమానాలకి విమానాలు దిగడం మొదలైంది. ఏ కాలేజీ ముందు చూసినా తెలుగే. పాపం వాళ్ళకి వంట రాదు, వచ్చినా టైము లేదు, టైమున్నా స్టవ్ దగ్గర క్యూ. నేను భోజనం డబ్బాలు మొదలుపెట్టా. పొద్దున ఆస్పత్రి వంటింట్లో షిఫ్టు, మధ్యాహ్నం నుంచి ఇంట్లో గరిటె. ఆదివారం కూడా లేదు. నిలబడి నిలబడి కాళ్ళు ఉబ్బిపోయేవి, మంచం ఎక్కితే పిక్కలు లాగేసేవి. ఒక్కోసారి పప్పు కలుపుతూ నిలబడే కునుకు తీసేదాన్ని. డబ్బాలు ఇళ్ళకి చేర్చేది మా ఆయన. నేను ఏ ఇంటికీ వెళ్ళి ఎరగను.

ఆ రోజు మా ఆయనకి జ్వరం. నూట మూడు. లేవలేకపోయాడు. సరే నేనే పోతానని బయల్దేరా. డిసెంబరు. సాయంత్రం ఐదున్నర అంతే, కానీ ఇక్కడ డిసెంబరులో ఐదున్నరంటే అర్ధరాత్రే కదా. స్నో పడి ఆగింది. చప్పుడు లేదు ఎక్కడా. మోకాళ్ళ దాకా నల్ల కోటు, మెడదాకా జిప్పు, పైన టోపీ, కాళ్ళకి మా ఆయన బూట్లు. అద్దంలో చూసుకుంటే నన్ను నేనే గుర్తుపట్టలేను. ఎంత అలిసిపోయానంటే... సిగ్నల్ దగ్గర గ్రీన్ పడినా చూస్తూ కూర్చున్నా, వెనకవాడు హారన్ కొట్టేదాకా.

చివరి ఇల్లు ఆడపిల్లలది. పక్కగా సైడ్ డోర్, అది తెరిస్తే నేరుగా నేల కిందున్న బేస్‌మెంట్‌లోకి మెట్లు. అప్పటికి నాకు తెలియని ముచ్చట ఒకటుంది. ఆ ఇల్లు ఐదుగురి పేరు మీద తీసుకున్నారు. ఉంటున్నది పదకొండు మంది. సిటీ ఆఫీసు వాళ్ళు తనిఖీకి వస్తారని ఎవరో చెప్పి భయపెట్టారట. అప్పట్నించీ తెలియని చప్పుడేదైనా అయితే లైట్లన్నీ ఆర్పేసి, ఊపిరి బిగబట్టి, కదలకుండా కూర్చోవడం... అదీ వాళ్ళ పద్ధతి. మా ఆయనైతే బయట నుంచే, డబ్బాలమ్మా, అని కేకేస్తాడట. ఆ మాట నాకు చెప్పలేదు మహానుభావుడు.

నా రెండు చేతుల్లో సంచులు. బూటుతో తలుపుని తన్నా. ధన్... ధన్... ధన్. ఎవరూ పలకలేదు. కింద కిటికీలో వెలుగు కనిపిస్తోంది, నేను చూస్తుండగానే... ఆరిపోయింది.

పిలవాల్సింది. ఒక్క మాట, నేనమ్మా అని. పిలవలేదు. కుడి చేతి సంచి కింద పెట్టి పిడి తిప్పా. తాళం లేదు. తలుపు తెరుచుకుంది.

లోపల చిమ్మచీకటి. మాడిన పోపు వాసన, తడి సాక్సుల వాసన. రెండు మెట్లు దిగా. మూడో మెట్టు కిర్రుమంది. ఆగా...

ఊపిరి.

నోటితో పీలుస్తున్న ఊపిరి. ఆపుకుంటున్నారు. ఒకళ్ళది కాదు. అటు పక్క ఒకటి, ఇటు పక్క ఒకటి, మెట్ల కింద... నా కాళ్ళకి సరిగ్గా కింద... ఇంకొకటి.

నాకు లండన్ పోయింది. స్నో పోయింది. కూలర్ రూంలో ఉన్నా. ఆ చల్లదనమే. ఎడం చేతి సంచి ఎప్పుడు జారిందో తెలీదు, సాంబారు డబ్బా ఒకటి మెట్లమీద దొర్లుకుంటూ పోయింది. టంగు... టంగు... టంగు. ఆ చప్పుడు ఆగాక, మెట్ల చివర్న ఏదో కదిలింది. తెరిచిన తలుపులోంచి పడ్డ స్నో వెలుగులో తెల్లటి చెయ్యి. ఆ చేతిలో నల్లగా ఏదో ఉంది.

అప్పుడు నా చెయ్యి నడుముకి పోయింది.

ఇక్కడ మెల్లిగా చెప్తా. మీరు అడ్డు రాకండి.

చర్ర్ర్... అంది. వెల్క్రో. నా చెవులతో విన్నా. బరువు తగిలింది. అరచేతికి ఆ గరుకు పిడి, నాలుగేళ్ళు నా పక్కటెముకకి ఒరుసుకున్న పిడి, చల్లగా కాదు... వెచ్చగా ఉంది. ఒంటి వేడికి వెచ్చబడినట్టు. బయటికి వచ్చింది. రెండో చెయ్యి దానంతట అదే వచ్చి కింద పట్టుకుంది. మోచేతులు బిగుసుకున్నాయి. బరువుకి మణికట్టు కొద్దిగా వంగింది కూడా. నేను ఆ తెల్లటి చేతికి కొంచెం పైన, ఛాతీ ఉండే చోటికి గురి పెట్టా. భయం లేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం చెప్తున్నా... హాయిగా అనిపించింది. ఎన్నాళ్ళ అలసటో దిగిపోయినట్టు.

అలా ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలీదు.

"ఆంటీ... వద్దు ఆంటీ... మేం పిల్లలం ఆంటీ..."

లైటు వెలిగింది.

మెట్ల చివర్న హారిక. నల్గొండ పిల్ల, ఇరవై మూడేళ్ళు ఉంటాయేమో, మా డబ్బాల వాట్సాప్ గ్రూపులో అందరి లెక్కా చెప్పేది ఆ పిల్లే, ఫొటో చూసి ఉన్నా. చేతిలో ఉన్నది ఫోను. కాళ్ళ దగ్గర దొర్లిన మా సాంబారు డబ్బా, అది చూసే నన్ను గుర్తుపట్టినట్టుంది. రెండు చేతులూ పైకెత్తి నిలబడింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. వెనక మంచాల మీద, వాషింగ్ మిషన్ పక్కన, మెట్ల కింద, అంతా పిల్లలే. దుప్పట్లు కప్పుకుని, నోరు మూసుకుని.

నా చేతుల్లో ఏమీ లేదు. ఖాళీ చేతులు చాపుకుని నిలబడి ఉన్నా. కోటు జిప్పు మెడదాకా వేసే ఉంది. ఆ కోటు మీద నుంచి నడుముకి చెయ్యి పోయే దారే లేదు.

నేను మెట్లమీదే కూలబడ్డా. ఏడ్చాను. పిల్లలు చుట్టూ చేరి నీళ్ళిచ్చారు, మేమే మిమ్మల్ని భయపెట్టాం ఆంటీ, సిటీ వాళ్ళనుకున్నాం, సారీ అని ఒకటే గోల. నాకు చీకట్లో భయమమ్మా, చేతులు అడ్డం పెట్టుకున్నా అని చెప్పా. అందరూ నమ్మారు. సాంబారు తుడిచారు. ఒక పిల్ల మాత్రం తుడుస్తూ తుడుస్తూ ముక్కు ఎగబీల్చి, ఏంటే ఇక్కడ కుట్టుమిషన్ నూనె వాసనొస్తోంది అంది. ఎవరూ పట్టించుకోలేదు. నాకు తెలుసు ఆ వాసన. డాలస్‌లో గన్‌ని తుడిచి, నూనె పెట్టి, మళ్ళీ తుడిచి... ఆదివారం ఆదివారం నేను చేసిన పని అది.

హారిక మాత్రం నా చేతులకేసి చూస్తోంది. తర్వాత నా కోటుకేసి. నేను బయల్దేరుతుంటే తలుపు దాకా వచ్చి, చాలా మెల్లిగా అడిగింది. ఆ చర్రుమన్న చప్పుడేందాంటీ అని. కోటు జిప్పమ్మా అన్నా. జిప్పు వేసే ఉందని ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది.

ఇంటికొచ్చి ఒళ్ళంతా చూసుకున్నా. నడుం మీద ఏం లేదు. మా ఆయన్ని జ్వరంలోనే లేపి, నిజంగా అమ్మేశావా, నా మీద ఒట్టెయ్యి అన్నా. నీకేమైనా పిచ్చా అని అటు తిరిగి పడుకున్నాడు. మర్నాడు రసీదు తీసి చూపించాడు. అమ్మేసినట్టే ఉంది.

నెలన్నర తర్వాత, ఒక మధ్యాహ్నం, హారిక మా ఇంటికి వచ్చింది. బ్రాంప్టన్‌లో పని దొరికింది, ఖాళీ డబ్బాలు ఇచ్చి పోదామని వచ్చా అంది. అన్నం పెట్టా. గోంగూర వేసుకుని కడుపునిండా తింది. ఈ పిల్ల నా చేతిలో పోయుండేది కదా అనుకుంటూ నేను ఎదురుగా కూర్చున్నా. ఆ పిల్లకి ఒక్కో ముద్ద దిగుతుంటే నాకు ప్రాణం లేచొచ్చినట్టుంది. చెయ్యి కడుక్కుని వచ్చి అప్పుడు అడిగింది, ఆ రోజు మీరు ఎత్తింది నేను చూసిన ఆంటీ, ఎక్కడ దాచిన్రో అడగను, ఎందుకెత్తిన్రో ఒక్కటి చెప్పుండ్రి అని.

చెప్పేశా. టెక్సస్, కూలర్ రూం, బెల్టు, అమ్మేయడం, అన్నీ. రసీదు కూడా చూపించా. ఆ పిల్ల శ్రద్ధగా విన్నది.

"ఉండి ఉన్నా సరే," అన్నా, "నేను ట్రిగ్గర్ నొక్కేదాన్ని కాదమ్మా."

హారిక లేచి తలుపు దగ్గరికి పోయింది. కోపం లేదు ముఖంలో. అలసిపోయినట్టుంది, అంతే. షూలు వేసుకుంటూ తలెత్తకుండా చెప్పింది.

"నొక్కిన్రు ఆంటీ. టక్కుమన్నది. నేను విన్న."

వెళ్ళిపోయింది. మళ్ళీ ఫోన్ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. ఆ టక్కు నేను వినలేదు. వెల్క్రో విన్నా, సాంబారు డబ్బా దొర్లడం విన్నా, ఊపిరి విన్నా... అది మాత్రం వినలేదు. ఆ పిల్ల అబద్ధం చెప్పే మనిషి కాదు. మా ఆయన ఇదంతా అలసట అంటాడు. అలసటకి వాసనుంటుందా? ఏమో.

ఆ పిల్లకి చెప్పనిది మీకు చెప్తా, ఇంకెవరికీ చెప్పకండి. క్లాసులో మొదటి రోజే నేర్పారు మాకు, కాల్చాలని తేల్చుకునేదాకా చూపుడు వేలు ట్రిగ్గర్ మీద పెట్టకుండా బయట, చాచి ఉంచాలని. నాలుగేళ్ళు అద్దం ముందు అదే సాధన చేశా. బేస్‌మెంట్‌లో లైటు వెలిగినప్పుడు ఖాళీ చేతులు చాపుకుని నిలబడ్డా అన్నానే... చూపుడు వేలు చాచి లేదు. పూర్తిగా మడిచి ఉంది.