విప్పని రెండు ప్యాకెట్లు

ఆ రోజు నేను చేసిన తప్పు ఇది. ఒక ఆటగత్తె తన రాకెట్లకు కట్టమని తాడు ఇస్తే, దాన్ని పక్కన పెట్టి వేరే తాడు కట్టాను. మీరిచ్చిందే కట్టానని ఆమె ముఖం మీదే చెప్పాను. మెడలో అయ్యప్ప మాల, ఒంటి మీద నల్లబట్టలు, నుదుట గంధం. ఆ వేషంలో నిలబడి అబద్ధం చెప్పాను.

టెన్నిస్ రాకెట్లకు తాళ్లు కట్టడం నా పని. మా దగ్గర దాన్ని గట్టింగ్ అంటారు. ధూల్‌పేట్‌లో మా ఇంటి ముందుగదిలో మిషన్ ఉంటుంది. మా నాన్న పతంగుల మాంజా చేసేవాడు. చలికాలం వస్తే గల్లీ పొడవునా కట్టెలు పాతి, దారం లాగి కట్టి, గాజుపిండి కలిపిన ముద్ద పట్టుకొని ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేవాడు. ఆరిన దారాన్ని బొటనవేలి గోటితో మీటి, ఆ చప్పుడుతోనే బిగువు చెప్పేవాడు. ఆయన చెవి నాకు వచ్చింది. రాకెట్ కట్టడం పూర్తయ్యాక నేను కూడా అట్లాగే మీటి చూస్తాను. చేతిపని విషయంలో ఆ చెవి నాకు ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. చెప్పింది నేనే.

ఆమెది నెదర్లాండ్స్. మొదటిసారి మా ఊరు వచ్చినప్పుడు స్కూలు దాటి ఏడాదో రెండేళ్లో అయి ఉంటుంది. మూసీ అవతలి కోర్టుల్లో ఆడవాళ్ల చిన్న టోర్నమెంట్ ఒకటి జరుగుతుంది. పెద్ద పోటీలకు పోవాలంటే ముందు ఇట్లాంటి చిన్నవాటిలో గెలిచి ర్యాంకు సంపాదించుకోవాలి. కోచ్ లేడు, వెంట ఎవరూ లేరు. తనంత బ్యాగు ఒకటి మోసుకుంటూ వచ్చింది. బంతిని ఎంత బలంగా కొట్టేదంటే రోజుకో రాకెట్ తాడు తెంపేది. సాయంత్రం తీసుకుపోయి కట్టి, పొద్దున్నే తెచ్చి ఇచ్చేవాణ్ని. ఆ వారం ఆమె గెలిచింది. పోయేరోజు నా చెయ్యి పట్టి ఊపి, "ఇందులో సగం మీది" అంది. ఆ మాట నెత్తికెక్కింది. అప్పటి నుంచి ఆమెను నా ఆటగత్తె అనుకోవడం మొదలుపెట్టాను.

ఫోన్‌లో ఆమె పేరు వెతికేవాణ్ని. ర్యాంకు ఏటేటా పైకి పోయింది. ఒక ఎండాకాలం, ప్రపంచంలో అన్నిటికన్నా పెద్దవైన పోటీల్లో ఒకదాంట్లో ఆడి మొదటి రౌండు గెలిచింది. ఆ ఫోటో నా భార్యకు చూపించాను.

"చూడు. ఆమెకు రాకెట్ కట్టిన చెయ్యి ఇది."

"నువ్వు కట్టిన తాడు ఏనాడో తెగి చెత్తల వడ్డది," అంది తను, బియ్యం ఏరుతూ. "నువ్వే ఇంక వట్కోని ఊగుతున్నవ్."

తర్వాత ఉన్నట్టుండి ఆమె పేరు ఎక్కడా కనిపించలేదు. మోచేతికి ఆపరేషన్ అయిందని చాలా రోజులకు ఒకచోట చదివాను. ఆడకపోతే ర్యాంకు ఉండదు. ముప్పైకి దగ్గరపడిన వయసులో, ఈ చలికాలం, ఆమె మళ్లీ మొదలుపెట్టిన చోటికే వచ్చింది. అదే చిన్న టోర్నమెంట్, అవే కోర్టులు.

నన్ను చూసి నవ్వబోయి ఆగిపోయింది. నల్లబట్టలు, కాళ్లకు చెప్పుల్లేవు, గడ్డం పెరిగి ఉంది.

"మీ ఇంట్లో ఎవరైనా పోయారా?" అని మెల్లగా అడిగింది.

ఇది దుఃఖం కాదు, దీక్ష అని చెప్పాను. నలభై ఒక్క రోజులు మాంసం ముట్టం, చెప్పులు వేసుకోం, నేల మీద పడుకుంటాం, ఆ తర్వాత కొండకు పోతాం అన్నాను. ఆమె శ్రద్ధగా విని, రెండు రాకెట్లూ రెండు ప్యాకెట్లూ నా చేతిలో పెట్టింది. ప్యాకెట్లలో ఉన్నది అసలు గట్. అంటే ఆవు పేగు నుంచి చేసిన తాడు. ఖరీదైనది, అన్నిటికన్నా మెత్తనిది.

మిగతా నెలల్లో అది నాకు మామూలు పనే. దీక్షలో మాత్రం తోలూ పేగూ ముట్టకూడదని నా పట్టు. ఆ ఒక్క మాట అక్కడే చెబితే సరిపోయేది. చెబితే ఆమె ఇంకొకరి దగ్గరికి పోతుంది. ఇన్నేళ్ల తర్వాత వచ్చిన నా ఆటగత్తె రాకెట్ వేరేవాడి చేతిలో పడుతుంది. అది నాకు ఇష్టం లేకపోయింది. ప్యాకెట్లను చేతితో తాకకుండా ఒక సంచిలోకి జార్చుకొని, సరేనన్నాను.

ఇంట్లో అదే తేనె రంగున్న నైలాన్ తాడు తీసి రెండు రాకెట్లకూ కట్టాను. చూడటానికి తేడా తెలియదు. గోటితో మీటితే తెలిసింది. అసలు గట్ చప్పుడు లోపలి నుంచి గుండ్రంగా వస్తుంది. ఇది పొడిగా టక్కుమంది. విని కూడా రాకెట్లు సంచిలో పెట్టేశాను.

సాయంత్రం తీసుకుపోయి ఇచ్చాను. ఆమె ఒక రాకెట్ చేతిలోకి తీసుకొని, రెండో చేత్తో తన మోచేతిని రుద్దుకుంటూ చెప్పింది. "డాక్టరు ఈ తాడు తప్ప వేరేది వద్దన్నాడు. మిగతావి గట్టివి, బంతి తగిలినప్పుడల్లా ఆ అదురు నేరుగా ఇక్కడికి వస్తుంది. ఇంకో ఏడాది ఆడి చూస్తాను. మళ్లీ నొప్పి మొదలైతే ఆపేస్తాను. రేపు తొమ్మిదింటికి మొదటి మ్యాచ్. మీరిచ్చింది కట్టారు కదా?"

"మీరిచ్చిందే," అన్నాను.

స్కూటర్ ఎక్కి వంతెన దాటేదాకా నా చెవుల్లో ఆ పొడి చప్పుడే ఉంది. ఆరోగ్యంగా ఉన్న చేతికైతే ఆ తాడుతో ఏమీ కాదు. అతుకుపెట్టిన మోచేతికి ఏమవుతుందో నాకు తెలియదు. తెలియదు కాబట్టే భయం వేసింది. ఇంటికి పోకుండా మలక్‌పేటలో మా గురుస్వామి దగ్గరికి పోయాను. బస్ డిపోలో మెకానిక్ ఆయన. మాల వేసింది ఆయనే. డిపో పక్క గుడి మెట్ల మీద నలుగురు స్వాములతో కూర్చొని అరటిపండ్లు పంచుతున్నాడు.

"ఏం స్వామీ, మొఖం గట్ల వెట్టినవ్? చలాన్ రాసిన్రా?"

"లేదు గురుస్వామీ. అబద్ధం చెప్పిన."

"ఎవలకు?"

మొత్తం చెప్పాను. ఆయన చేతిలోని పండు పక్కన పెట్టాడు.

"అంటే, ముట్టద్దని తాడు ముట్టలే. మరి అబద్ధమాడద్దని గూడ చెప్పిన గద, మాల ఏసేటప్పుడు? గది ఏ చెవిల వడ్డది?"

నేను మెడలో మాల సవరించుకున్నాను.

"మొన్న పడిపూజల డోలు మోగుతుంటే దునికి దునికి ఆడినవ్. దానికి ఏసింది కాయితమా, తోలా?"

"దాన్ని నేను ముట్టలే గురుస్వామీ."

"అవ్ మల్ల. చెవులతోని ముట్టినవ్."

స్వాములు నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు.

"నీకు ముట్టబుద్ధి గాలేదు, మంచిది. గది నీ నియమం, ఎవలేమనరు. ముందుగాల ఆమెకు చెప్పాలె. లేకపోతే నన్నడగాలె. ఫోన్ ఉండె గద నీ తాన?"

"ఆమె ఇంకొకరి తానికి పోతదని..."

"గట్లనా. గిండ్ల దేవుని ముచ్చటే లేదు స్వామీ. నీ షాన్, నీ గొప్ప ముచ్చట గిది." ఆ మాట తగిలిన చోటు ఇప్పటికీ తెలుస్తుంది. ఆయనే మళ్లీ అన్నాడు. "తాడు ముట్టు. పని అయినంక తానం చెయ్యి, నూట ఎనిమిది శరణాలు చెప్పు. దాని సంగతి నేను చూస్కుంట. అబద్ధం ముచ్చట మాత్రం నా తానికి తేకు. ఎవలకు చెప్పినవో ఆల్లకే పోయి చెప్పు. ఆ పిల్ల ఆటకు దిగకముందే పో."

పొద్దున నాలుగున్నరకు చన్నీళ్ల స్నానం చేసి పూజ ముగించాను. మిషన్ పట్టుకొని స్కూటర్ వెనకాల కట్టడానికి నా భార్య సాయం వచ్చింది. ఎందుకని అడిగింది. చెప్పాను.

"స్వామీ అనుకుంట నీ కాళ్లు మొక్కుతున్న గదా నెల సంది," అంది తాడు ముడి బిగిస్తూ. "గా మొక్కులన్ని వాపస్ తీస్కుంట. పోయిరా."

ఆరున్నరకు కోర్టు చేరాను. ఆమె అప్పటికే వచ్చి గోడ దగ్గర ఒళ్లు సాగదీస్తోంది. విప్పని రెండు ప్యాకెట్లను ఆమె ముందు బెంచీ మీద పెట్టాను. రాత్రంతా కూడబెట్టుకున్న ఇంగ్లీషు మొదట ఒక్క ముక్క రాలేదు. ఆమె ప్యాకెట్లను చూసింది, బ్యాగులోంచి రాకెట్ తీసి తాళ్లను వేళ్లతో నొక్కింది. నేను చెప్పక ముందే ఆమెకు తెలిసిపోయింది. అయినా చెప్పాను, మొదటి నుంచి చివరిదాకా.

"నిన్న సాయంత్రం రంగు కొంచెం తేడాగా అనిపించింది," అంది ఆమె. "మీరు చెప్పారు కదా అని ఊరుకున్నాను."

తిట్టినా బాగుండేది.

"దీక్షలో దీన్ని ముట్టనని చెబితే నాకేం కోపం వచ్చేది కాదు. వేరే మనిషిని వెతుక్కునేదాన్ని. అంతే కదా?"

"అంతే," అన్నాను. "అందుకే చెప్పలేదు."

ఆమె గడియారం చూసుకుంది. "రెండింటికీ ఎంతసేపు?"

"గంటన్నర."

"మరి ఇప్పుడు ముట్టుకోవచ్చా?"

"అడిగి వచ్చాను."

"అయితే ఇక్కడే, నా ముందు కట్టండి."

వరండాలో మిషన్ దింపి, నైలాన్ తాళ్లు కోసేశాను. ప్యాకెట్ విప్పి గట్ చేతిలోకి తీసుకుంటే మొదట వేళ్లు బిగుసుకున్నాయి. దాన్ని తొందరపడి లాగితే మెలిక పడి విరుగుతుంది. మెల్లగా, ఒక్కొక్క రంధ్రంలోంచి దూర్చాలి. ఆమె మెట్టు మీద కూర్చొని ప్రతి తాడునూ చూస్తూనే ఉంది. నా మీద నమ్మకం పోయింది కాబట్టి చూస్తోందని తెలుసు.

రెండో రాకెట్ సగానికి వచ్చాక తనంతట తనే మాట్లాడింది. ఆపరేషన్ తర్వాత ఏడాది పాటు తమ ఊరి క్లబ్బులో చిన్నపిల్లలకు బంతులు అందించిందట. బయట వాన, పైన రేకుల కప్పు, లోపల ఆ పిల్లల గోల. ఎడమచేత్తో విసిరేదట. ఇక చాలు, చదువుకో అని తండ్రి అన్నాడట. "ఆయన అన్నదీ నిజమే. పెద్ద కోర్టులో ఒకసారి ఆడాను, అది నాకు చాలు. నొప్పి లేకుండా ఇంకొన్నాళ్లు కొట్టాలని ఉంది. ఎంతమంది చూస్తున్నారన్నది ఇప్పుడు లెక్కలోకి రాదు."

కట్టడం అయ్యాక గోటితో మీటాను. గుండ్రటి చప్పుడు. రాకెట్ ఆమెకు అందించాను. ఆమె కూడా గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకొని, తల ఊపింది.

కోర్టుల వెనక కుళాయి కింద బట్టలతోనే కూర్చొని స్నానం చేశాను. చలికి పళ్లు కొట్టుకుంటుండగా శరణాలు చెప్పుకున్నాను. తడిబట్టలతో వచ్చి కంచె పక్కన నిలబడేసరికి మ్యాచ్ మొదలైంది. చూసేవాళ్లు పదిమంది కూడా లేరు. ఎదుటి అమ్మాయికి పద్దెనిమిదేళ్లు కూడా ఉండవు. మొదటి సెట్ ఆ అమ్మాయిదే. ఈమె బంతి కొట్టిన ప్రతిసారీ నేను బంతిని కాదు, మోచేతిని చూశాను. పాయింట్ల మధ్యలో ఆమె ఆ చేతిని ఒకసారి విదిలిస్తే నొప్పి మొదలైందనుకున్నాను. తర్వాత తెలిసింది, చెమట విదిలించుకుందని. రెండో సెట్ గెలిచింది, మూడోది కూడా గెలిచింది.

బయటికి వస్తూ కంచె దగ్గర ఆగింది. కుడి మోచేతిని మడిచి, చాపి, మళ్లీ మడిచి చూపించింది. అప్పటిదాకా నేను ఊపిరి సగమే పీలుస్తున్నానని అప్పుడు తెలిసింది. నా బట్టలు ఇంకా ఆరలేదు, చలి మాత్రం తెలియలేదు.

"రేపు కూడా ఇక్కడే కడతారా?" అంది. "నా ముందు."

"మీ ముందే," అన్నాను.

ఆ వారం నాలుగు మ్యాచ్‌లు ఆడింది. రాకెట్లు ఒక్కసారి కూడా ఇంటికి తీసుకుపోలేదు. ఆ వరండాలోనే కట్టాను. మూడో రోజున ఆమె మెట్టు మీద కూర్చోవడం మానేసి టీ తాగడానికి పోయింది. నాకు అది మోచేయి చూపించినంత మాట.

ఇంకొకటి మిగిలింది, అది ఆమెకు చెప్పలేదు. నేను తాడు మార్చడం ఇదే మొదలు కాదు. పోయిన చలికాలం దీక్షలోనే, మలక్‌పేటలో ఉండే ఒక రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరుకు ఇదే పని చేశాను. ఆయన సరదాకు ఆడే మనిషి, కొడుకు కొనిచ్చిన అసలు గట్ ఇచ్చి కట్టమన్నాడు. ఆ ప్యాకెట్ మా ఇంట్లో మాంజా చుట్టే చరఖాల వెనక ఏడాదిగా అట్లాగే ఉంది.

మొదటి మ్యాచ్ అయిన మధ్యాహ్నమే ఇంటికి పోయి ఆ ప్యాకెట్ తీసి ఆయనకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను.

"నేనేమో ఆ తాడు కట్టినంక ఆట సుధరాయించింది, మంచిగైందని మా కొడుక్కు చెప్పిన గదయ్యా," అన్నాడు. తర్వాత పకపకా నవ్వాడు. "ఇప్పుడు ఏం జెయ్యమంటవ్ మరి?"

"రాకెట్ బయట పెట్టండి సార్. మిషన్ స్కూటర్ మీదనే ఉంది. మీ ముందు కూసొని కడత," అన్నాను.

అరగంటలో ఆయన వాకిట్లో మిషన్ దింపాను.